దారం కోన్ల గుడి

28 అక్టోబర్ 2007, ఆదివారం

ఈ పుస్తకంలో ఇకముందు జరగబోయే సమస్త అపరాధాలకు మోకరిల్లి ముందుగానే క్షమాపణ కోరుతున్నాను. అమ్మ నేర్పిన అక్షరాలతో, బైబిలు నేర్పిన వ్యాకరణంతో, ఈ గుజరాతీ ఊరు ఉధ్నా వీధులు నేర్పిన మిగతా అంతటితో రాస్తున్నందుకు తెలుగు భాషను వేడుకుంటున్నాను. సెమిస్టరు పరీక్షలకు చదువుతున్నానని నమ్మి ఇప్పుడే పాలగ్లాసు పెట్టి వెళ్లిన మాతృమూర్తిని వేడుకుంటున్నాను. మెదక్ గుట్టల్లో తన మానాన తాను పడి ఉన్న తెల్లరాతిని, నా నోట పడబోతున్నందుకు, ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. నేను నిర్దోషిని. అయినా అడిగి పెట్టుకుంటే పోయేదేమీ లేదు.

సంగతేమిటంటే, నన్ను చరిత్రకారుణ్ణి చేశారు. వచ్చే క్రిస్మస్‌కి మా తెలుగు సంఘానికి పాతికేళ్లు. సావనీరు వేస్తారట. అందులో సంఘ చరిత్ర రాయమని కమిటీ ఆదేశం. కమిటీ అంటే సెక్రటరీ, అనగా మా నాన్న రామమోహనరావు గారు, ఉధ్నా స్టేషన్‌లో గూడ్సు క్లర్కు; పెద్ద, అనగా లక్ష్మీరాజం మామ, మగ్గాల మేస్త్రీ; ఇంకో ఇద్దరు, తలలూపడానికి.

చరిత్ర చిన్నదే. ఉధ్నా పక్కనే భేస్తాన్‌లో ఒక మగ్గాల షెడ్డు. కింద నలభై ఎనిమిది మగ్గాలు. పైన అద్దె హాలులో మేము, అరవై కుటుంబాలు. కింద ఖట్ ఖట్, పైన స్తోత్రం. పాతికేళ్లుగా మా పాటలకు తాళం తప్పలేదు. తాళం కరెంటుతో నడుస్తుంది కాబట్టి.

సగంమంది మెదక్ వైపు వాళ్లు. వాళ్ల లెక్కలో ప్రపంచంలో చర్చి ఒక్కటే, అది మెదక్‌లో ఉంది. మిగతావన్నీ, రోములో ఉన్నదానితో సహా, బ్రాంచీలు. అందుకే ప్రతి క్రిస్మస్‌కీ హాల్లో వేదిక ముందు మెదక్ గుడి నమూనా నిలబెడతారు. ఒకప్పుడు మగ్గం నడిపిన నర్సింగం తాత ఎప్పుడో చేసింది. దారం చుట్టి వచ్చే అట్ట కోన్లే దాని శిఖరాలు. అట్ట గొట్టాలే స్తంభాలు. మిల్లులో పారేసిన జార్జెట్ చీర ముక్కలే రంగుటద్దాలు. తెల్లవారుజామున ఆరాధనలో ఒక్కో కుటుంబం వచ్చి దాని ముందు గుప్పెడు బియ్యం పోస్తుంది. అన్నీ కలిపి వండుకుని తింటాం. కరువులో ఆ గుడి కట్టినవాళ్లకు కూలి కింద గింజలే ఇచ్చారట, దానికి గుర్తు.

సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిగా నా అభిప్రాయం: ఆ నమూనాలో కొలత అనే వస్తువు లేదు. గోపురం వంకర. మెట్లు మనుషులకు కాదు, ఒంటెలకు.

4 నవంబర్, ఆదివారం

ఆధారాల సేకరణకై నర్సింగం తాత ఇంటికి వెళ్లాను. ఒకటే గది. కూతురు స్వరాజ్యం అత్త గుమ్మంలో కూచుని చీరకు మెరుపు రాళ్లు అంటిస్తోంది.

"చరిత్రకారుడు విచ్చేశాడు" అన్నాను.

"ఏం ఇంజినీరూ, కాలేజిల చరిత్ర గూడ జెప్తున్రా?" అన్నాడు తాత మంచం మీంచి.

"లేదు తాతా. చరిత్రే నన్ను అడుక్కుంటూ వచ్చింది."

"అయితె కూసో. బూట్లిప్పు. చరిత్రలకు బూట్లేసుకొని వస్తరా?"

విప్పాను. తాత చెప్పిన మాట చెప్పినట్టే రాసుకున్నాను, సావనీరులో దిద్దుదామని.

"కర్వు. ఊర్లె తిననీకి ఏం లేదు. దొర గుడి కట్టిస్తుండు, పనికొస్తె గింజలిస్తడు అంటె మా నాయిన నడుసుకుంట పోయిండు. రాయి మోసిండు. గుడి పదేండ్లు లేసింది. నాయిన ఎన్నేండ్లు మోసిండో ఆయినకే యాదికి లేదు. నన్ను భుజమ్మీద కూసోవెట్టుకొని క్రిస్మస్‌కు తీస్కవోయేటోడు. ఎడ్లబండ్లు, పొయిలు, జనం. గోపురం దిక్కు చెయ్యి జూపి, అగో గా వరసల నాదొక రాయి ఉన్నది బిడ్డా అనేటోడు."

"ఏది?"

"అన్ని ఒక్క తీర్గనే ఉంటయి గద. నేను ఏదో ఒకటి జూసి, ఆఁ కనవడ్డది నాయినా అనేటోణ్ణి."

నూటడెబ్బై అయిదు అడుగుల గోపురమని, శైలి గోథిక్ అని నా పాండిత్యం కొంత విప్పాను.

"గోతికో గీతికో. కమాను నాడె మొన లెక్కుంటది. నాడె జూసినవా?" మంచం కింద చెయ్యి పెట్టి, పోగును అటూ ఇటూ లాక్కెళ్లే మొనదేలిన మగ్గం నాడె ఒకటి తీసి, మొన పైకి పెట్టి నిలబెట్టాడు. పుస్తకంలో రెండు పేజీలు చదివినా ఎక్కనిది ఎక్కింది. ఆ సంగతి తాతకు చెప్పలేదు.

తరువాత నా పెద్ద ప్రశ్న. మెదక్‌లో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు: యేసు పుట్టడం, సిలువ, పరలోకానికి వెళ్లడం. తాత గుడిలో రెండింటికే రంగులున్నాయి. సిలువ కిటికీ ఉత్త తెల్లగుడ్డ.

"మూడోదానికి బడ్జెట్ అయిపోయిందా తాతా?"

"నేను ఊరిడిసి వచ్చిన్నాడు అది ఇంక పెట్టలే. ఉత్త అద్దముండె. తర్వాత పెట్టిండ్రట."

"ఇంటర్నెట్‌లో ఫొటో ఉంటుంది. ఒక్క నిమిషం పని."

"ఫొటువ నువ్వు జూస్తవు. నేను జూడలే. నేను జూడంది నేనెట్ల పెడ్త?"

"ఇన్నేళ్లలో ఒక్కసారి వెళ్లి రాలేకపోయావా?"

తాత నవ్వాడు. స్వరాజ్యం అత్త తలెత్తకుండా చెప్పింది: "దీపావళి సెలవులకు పోదామనుకున్నప్పుడల్లా ఎవ్వలకో పానం బాగుండకపోయె. అమ్మకు. తమ్మునికి. మళ్ల అమ్మకు. ఇగ ఇప్పుడు బాపు మోకాళ్లు."

5 నవంబర్

కొత్త నమూనా ఒకటికి యాభై స్కేలులో గీశాను. మూడున్నర అడుగుల గోపురం. థర్మాకోల్. మూడు కిటికీలూ రంగుల్లో. చాలా అందంగా ఉంటుంది. ఈ వాక్యానికి క్షమాపణ లేదు.

7 నవంబర్, బుధవారం

కమిటీ ముందు నా డ్రాయింగులు పరిచాను. లక్ష్మీరాజం మామ కళ్లద్దాలు తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశాడు.

"మస్తున్నది వంశీ. అబద్ధమెందుకు, మస్తున్నది. గని తాతది గట్టిగనే ఉన్నది గద? అది ఉన్నన్ని రోజులు అదే పెడదాం. పాతికేండ్ల పండుగ, తాతకు శాలువ గూడ కప్పుతున్నం. ఆయినది తీసి నీది పెడితె ఏం బాగుంటది?"

నాన్న నవ్వారు. "మీకు వీడి సంగతి తెలీదండీ రాజం గారూ. మొదలుపెట్టడంలో వీణ్ణి మించినవాడు లేడు. గిటారు మొదలుపెట్టాడు. రేడియో విప్పాడు, ఆ ముక్కలు ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి. ఫ్రెంచి కూడా మొదలుపెట్టాడండీ, ఓ ఆదివారం. ఇది ఒప్పుకున్నామనుకోండి, క్రిస్మస్ నాటికి మనకు సగం మెదక్ వస్తుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను.

9 నవంబర్

దీపావళి. భేస్తాన్ మగ్గాలు ఆగాయి. జనం ఊళ్లకు వెళ్లారు. ఇంత నిశ్శబ్దం చెవులకు మంచిది కాదు.

13 నవంబర్, మంగళవారం

నిన్న నాన్న దగ్గర తాళంచెవి తీసుకుని హాలుకు వెళ్లాను, కొలతల కోసం. నమూనాకు చెద పట్టింది.

14 నవంబర్

చెద పట్టింది. చెదపురుగుల్ని తక్కువ అంచనా వేయకూడదు. వాటికి రాజు, రాణి, సైన్యం, ఇంజినీర్లు ఉంటారు. అట్ట వాటికి పాయసం. పాతికేళ్ల అట్ట, అందునా గంజి పెట్టి అంటించింది, వదులుతాయా. పాడైన వస్తువు మీద జాలిపడి ఉంచుకోవడం శాస్త్రీయం కాదు. పారేశాను. ఎవరో ఒకరు చేయాల్సిన పనే.

15 నవంబర్

అన్నం తినేటప్పుడు నాన్నకు చెప్పాను.

"రెండో అంతస్తులోనా?" అన్నారు.

"పాకుతాయి నాన్నా."

"ఇనపబల్ల మీద పెట్టాం కదరా."

"గోడకు ఆనుకుని ఉంది."

నాన్న పప్పు కలుపుకున్నారు. "సరే. అయితే నీదే పెడదాం. ఈసారైనా పూర్తి చెయ్యి."

చెద పట్టింది. అంతే.

18 నవంబర్, ఆదివారం

ఊళ్లకు వెళ్లినవాళ్లు ఇంకా రాలేదు. హాల్లో పదిహేనుమందిమి. తాత మెట్లెక్కలేక కింద షెడ్డు అరుగు మీదే కూచుని పాటలు వింటున్నాడు. నాన్న నన్నే చెప్పమన్నారు. చెప్పాను.

తాత చాలాసేపు నా మొహం చూశాడు. కంటిచూపు తగ్గింది కాబట్టి ఏం కనిపించిందో తెలియదు.

"అంత తిన్నదా?"

"అంతా."

"గోపురం గూడ?"

"గోపురం కూడా తాతా."

"ముక్కలేమన్న ఉంటె తేపో బిడ్డా. ఒక్కటి. జూస్త."

"పారేశాను. పురుగులు మిగతావాటికి పాకుతాయని."

"మంచిపని జేసినవు" అన్నాడు. తన రెండు చేతుల్నీ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

సావనీరు చరిత్ర మూడు పేజీలు రాశాను. బాగా వచ్చింది.

2 డిసెంబర్, ఆదివారం

ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారం, అంటే అందరూ బల్ల దగ్గరికి వెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. అందరూ వచ్చేశారు. మగ్గాలు మొదలయ్యాయి.

పాస్టర్ గారు పాపపు ఒప్పుకోలు చదివించబోతుంటే వెనక నుంచి తాత లేచాడు. ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారట. గోడ పట్టుకుని ముందుకు వచ్చాడు. కింద ఖట్ ఖట్‌లో వినపడటానికి గట్టిగా మాట్లాడాడు.

"అందరు నన్ను మాఫ్ జెయ్యాలె. గుడిని నాకప్పజెప్పిండ్రు. ఏటేట దీపావళికి ముందు వేపనూనె రాస్తుంటి. ఈ ఏడు మోకాళ్లు నొస్తున్నయని పైకెక్కలే. రేపు, రేపు అనుకున్న. నా బద్ధకంతోని చెద తిన్నది. మా నాయిన రాళ్లు మోసి నిలవెట్టిండు. నేను అట్ట నిలవెట్టుకోలేకపోతి. నాకు శాలువ వద్దు. ఇయ్యాల బల్లకు గూడ రాను."

"అది పాపం కాదు నర్సింగం గారూ" అన్నారు పాస్టర్ గారు మెల్లగా.

"మీకు గాదయ్యా. నాకు."

వెనక్కి వెళ్లి కూచున్నాడు. మిగతావాళ్లందరం వరసలో వెళ్లి మోకరించాం. నేనూ తీసుకున్నాను. ద్రాక్షరసం తియ్యగా ఉంది.

6 డిసెంబర్

గోపురం నిలబడింది. నాలుగు మూలల శిఖరాలూ అయ్యాయి. అర సెంటీమీటరు కూడా తేడా లేదు.

10 డిసెంబర్, సోమవారం

హాల్లో థర్మాకోల్ కోస్తుంటే స్వరాజ్యం అత్త వచ్చి నిలబడింది. చీరల మూట నెత్తిమీదే ఉంది.

"బాగ జేస్తున్నవ్" అంది.

"తాత ఎలా ఉన్నాడు?"

"తింటడు, పంటడు. ఇదివరకు పొద్దున లేస్తె షెడ్డు షెడ్డు తిరిగి చిరిగిన కోన్లు ఏరుకొస్తుండె, గుడికి మరమ్మతని. ఇల్లంత కోన్లే, తిడుతుంటి. ఇప్పుడు పోతలేడు." మూట దించి ఇనపబల్ల మీద పెట్టింది. బల్లను అరచేత్తో తుడిచి చూసుకుంది. "ఓ మాటడుగుత వంశీ. చెద పడితె మన్ను ఉంటది గద. గోడకు గీత వడ్తది. ఈడ ఏం లేదేంది?"

"కడిగేశాను అత్తా."

"నువ్వు? కడిగినవా?"

"శుభ్రంగా."

ఆమె నవ్వింది. "మీ అమ్మకు జెప్పాలె. ఇంట్ల తిన్న ప్లేటు గూడ తియ్యవంట గద." మూట ఎత్తుకుని వెళ్లిపోయింది. మెట్ల మధ్యలో అడుగుల చప్పుడు ఒకసారి ఆగింది. నాకు అలా అనిపించిందేమో.

16 డిసెంబర్

ఏమీ జరగలేదు.

17 డిసెంబర్

ఏమీ జరగలేదని నిన్న రాయాల్సిన పని లేదు. ఎవరడిగారు.

25 డిసెంబర్, మంగళవారం

ఆరాధన తెల్లవారుజామున నాలుగున్నరకి. మెదక్‌లోనూ తెల్లవారకముందే మొదలుపెడతారట. ఆ గడియకే మనమూ పాడాలని ఇక్కడివాళ్ల పట్టు. లోపల బల్బు వెయ్యగానే నా గుడి వెలిగింది. "అబ్బ" అని ఒక్కసారిగా అరవై కుటుంబాలు అన్నాయి. ఆ శబ్దం కోసమే కదా ఇదంతా. నాన్న వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. "పూర్తి చేశావురా" అన్నారు.

నవ్వొచ్చే మాట ఏదైనా అందామని వెతికాను. దొరకలేదు.

తాతను కుర్చీలో కూచోబెట్టి లక్ష్మీరాజం మామా నేనూ మోసుకొచ్చాం. నమూనా ముందు దించాం. ముందు కమాను తడిమాడు. "నాడె మొన" అన్నాడు, సరిగ్గానే ఉందన్నట్టు తలూపి. తరువాత మూడో కిటికీ దగ్గర ఆగిపోయాడు. ముక్కు తగిలేంత దగ్గరగా మొహం పెట్టాడు.

"ఇట్లుంటదా?"

"ఇలాగే ఉంటుంది."

"పక్కకు నిలవడి ఏడుస్తున్నది తల్లేనా?"

నాకు దొరికిన ఫొటో గోరంత ఉంది. పెద్దది చేస్తే మసకబారింది. కింది సగం నేనే ఊహించి కంప్యూటర్లో రంగులు నింపి పారదర్శక షీటు మీద ప్రింటు తీయించాను. అక్కడ ఎవరు నిలబడ్డారో నాకు తెలియదు. ఏడుస్తున్నారో లేదో కూడా తెలియదు.

"తల్లే తాతా."

"లోపల లైటు పెడితె మనకు బయటికి కనవడుతున్నది. ఆడ గట్ల గాదు. ఎండ బయటుంటది, మనం లోపలుండి జూడాలె. పొద్దు పొడిసినంక." కిటికీని వేలితో ఒకసారి తడిమాడు. "పోనీ. జూసిన. నీ పుణ్యాన జూసిన బిడ్డా."

జేబులోంచి రుమాలు మూట తీసి, విప్పి, గుప్పెడు బియ్యం పోశాడు. చూపు ఆనక సగం నా కాళ్ల మీద పోశాడు. ఒక్కో గింజా ఏరి కుప్పలో వేశాను. వంగి ఉండటం తేలికగా అనిపించింది.

శాలువా తీసుకోలేదు. మామ కప్పబోతే భుజం తప్పించాడు.

30 డిసెంబర్, ఆదివారం

దీపావళి సెలవుల తరువాత ప్రెస్సువాడు ఆలస్యం చేశాడు. నేను అంతకంటే ఆలస్యం చేశాను. సావనీరు జనవరి ఆరున విడుదల. ఈ రోజు తాత కబురు పంపాడు. వెళ్లాను. ఈసారి చెప్పకముందే బూట్లు విప్పాను.

"చరిత్రల పాతగుడి సంగతి రాసినవా?"

"రాశాను తాతా. ఏ కోన్లతో చేశావు, ఎలా చేశావు, మొత్తం."

"ఎట్ల పోయిందో రాసినవా?"

"చెద పట్టిందని ఒక ముక్క వేశాను."

"గట్ల గాదు. చెద ఏం జేస్తది, దాని పని అది జేసింది. మనిషి పేరుండాలె. రాసుకో. నర్సింగానికి అప్పజెప్పిండ్రు, ఆయిన కాపాడలేకపోయిండు అని రాయి."

"అలా ఎవరూ రాయరు తాతా. సావనీరు అది. పొగడటానికి వేస్తారు."

"మా నాయిన రాయి ఏదో తెల్వకపాయె. మంచి జేసినోని పేరే దొరకకపాయె. చెడు జేసినోని పేరన్న సక్కగ ఉండొద్దా? రేపు పిల్లలు సదివితె, వాళ్లన్న వేపనూనె రాస్తరు."

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, పై పెదవి కింది పెదవి విడిపోవడం నాకు తెలిసింది. "తాతా" అనడం కూడా అయింది.

"ఏంది బిడ్డా?"

స్వరాజ్యం అత్త టీ తెచ్చి నా చేతికిచ్చింది. ఇచ్చి అక్కడే నిలబడింది. నా వైపే చూస్తోంది. నేను టీ వైపు చూశాను. అల్లం వేసింది. చాలా బాగుంది. బాగుందని చెప్పాను.

"రాసినవా?" అన్నాడు తాత.

"రాశాను."

6 జనవరి 2008, ఆదివారం

సావనీరు విడుదలైంది. కవరు మీద నా నమూనా రంగుల్లో. లోపల పద్నాలుగో పేజీలో ఆ వాక్యం. సంఘ చరిత్రను సెక్రటరీ గారు చదివి వినిపించాలని తీర్మానం కాబట్టి నాన్న మైకులో మొత్తం చదివారు. ఆ వాక్యం దగ్గర ఆగి కళ్లద్దాల మీంచి నన్ను చూశారు. మళ్లీ చదివారు: "ఆ నమూనాను కాపాడే బాధ్యత శ్రీ నర్సింగం గారిది కాగా, వారి అశ్రద్ధ వలన 2007లో అది చెదపాలైనది." నా భాషే. 'కాగా' ఒకటి. 'పాలైనది' ఒకటి. దిద్ది మరీ రాశాను.

తాత తలూపాడు. లెక్క సరిపోయినవాడిలా కూచున్నాడు. ఆ తరువాత బల్ల దగ్గరికి వచ్చి రొట్టె తీసుకున్నాడు. నెల తరువాత. ఈసారి నేను వెళ్లలేదు. కడుపులో బాగాలేదని చెప్పాను.

ఇంటికి వచ్చి ఈ పుస్తకం మొదటి పేజీ చదువుకున్నాను. భాషను, అమ్మను, రాతిని అందర్నీ క్షమాపణ అడిగాను. నేను నిర్దోషినని కూడా రాసుకున్నాను. చెద పట్టిందని ఎన్నిసార్లు రాశానో చూశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమాడాను. దీనికంటే పెద్ద జోకు నేనింతవరకు వేయలేదు.

జరిగింది ఇది.

నవంబర్ పన్నెండు, సోమవారం, పగలు పదకొండు గంటలు. షెడ్డులో ఎవరూ లేరు. పాతగుడి మీద కప్పిన చీర తీశాను. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఒక్క పురుగు లేదు. బల్ల మీంచి తోశాను, దానంతట అదే విరిగిందని చెప్పొచ్చని. అది పడి, ఒకసారి దొర్లి, నిలబడింది. కోన్లు తేలిక. విరగలేదు. అప్పుడు దగ్గర కూచుని చూశాను. ఎక్కడా మేకు లేదు. నేను రాసిన గంజి కూడా అబద్ధమే. ప్రతి కోనుకూ కోనుకూ మధ్య దారంతో ముడి, తెగిన పోగును మగ్గం మీద అతికేటప్పుడు వేసే ముడి, వందల కొద్దీ. గోపురం వంకర లేదు. నేను ఎప్పుడూ పక్కనుంచి చూశాను.

జేబులో పెన్సిలు చెక్కుకునే బ్లేడు ఉంది. కొయ్యడం మొదలుపెట్టాను. రెండు శిఖరాలు అయ్యేసరికి బ్లేడు మొద్దుబారి విరిగింది.

అప్పటికి గోపురం అలాగే ఉంది. కిటికీలు అలాగే ఉన్నాయి. రెండు శిఖరాలు ఓ పూట కూచుంటే తాతే కట్టేసుకునేవాడు. నేను తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి, షెడ్లన్నీ మూసి ఉన్న వీధి వెంట మెయిన్ రోడ్డు దాకా నడిచాను. పండగైనా పాన్‌గల్లా బడ్డీ ఒకటి తెరిచి ఉంది. ఇక్కడివాళ్లకు దీపావళితోనే కొత్త ఏడాది కాబట్టి వాడు నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పాడు. నేనూ చెప్పాను. ఇంత చదువుకున్నవాణ్ణి, పోనూ రానూ ఇరవై నిమిషాలు నడుస్తూ ఏం ఆలోచించానని ఎవరైనా అడిగితే, పాట పాడుకున్నాను.

ఇంకో బ్లేడు కొనుక్కుని, తిరిగి మెట్లెక్కాను.